లారీ ఎక్కించకూడని మూట

ఇల్లు మారాలనుకోగానే ముందు చూసేది ముహూర్తం. తర్వాత లారీ. ఆ తర్వాత అట్టపెట్టెలు, తాళ్లు, పాత పేపర్లు. బంగారం సంగతి గుర్తొచ్చేది మాత్రం అన్నిటికన్నా ఆఖర్న... అదీ లారీ గుమ్మం ముందు ఆగి హారన్ కొట్టాక! అప్పుడు గబగబా బీరువా తీసి, నగల పెట్టెని ఓ పాత చీరలో చుట్టి, చేతికందిన సంచిలో కుక్కి, ‘ఇదిగో, నువ్వు పట్టుకో’ అంటూ ఎవరో ఒకరి చేతిలో పెట్టేస్తారు. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నది సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

విశాఖపట్నంలో ఈ హడావుడి కాస్త ఎక్కువే. 1933లో హార్బరు వచ్చింది. 1941లో సింధియా షిప్‌యార్డు వచ్చింది. 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ మొదలైంది. ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. తూర్పు నావికాదళం కేంద్రం కూడా ఇక్కడే. అందుకే ఈ ఊళ్లో చాలా కుటుంబాలకి సొంతిల్లు కన్నా ముందు తెలిసింది క్వార్టరు. నేవీ వాళ్లకి రెండు మూడేళ్లకోసారి పెట్టే బేడా సర్దుకోవడం అలవాటు. ఉక్కునగరం వాళ్ల సంగతి వేరు. ఉద్యోగంలో చేరినప్పుడు రెండు ట్రంకు పెట్టెలతో దిగినవాళ్లు, ముప్ఫై ఏళ్ల తర్వాత రిటైరై కూర్మన్నపాలెంలోనో, మధురవాడలోనో కట్టుకున్న ఇంటికి కదలాలి. అన్నేళ్లలో ఆ ఇంట్లోకి ఏం వచ్చిందో, ఏ మూల ఏముందో ఎవరూ లెక్క పెట్టి ఉండరు. లెక్క తెలియని ఇంట్లోంచి ఏదన్నా పోతే, పోయిన సంగతి కూడా వెంటనే తెలియదు!

అప్పటి ధరలు వేరు. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. అంటే ఒక సాదా గొలుసు, రెండు జతల గాజులు ఉన్న చిన్న డబ్బా కూడా కొన్ని లక్షల మూట. అది అమ్మాయి పెళ్లి కోసం దాచిందైతే పోయేది లక్షలొక్కటే కాదు, ఇరవై ఏళ్ల పొదుపు.

ఊరు ఊరంతా కదిలిన రోజులు

ఇల్లు మారడం అంటే ముహూర్తం చూసుకుని, తీరిగ్గా కదలడమే కాదు. విశాఖ ప్రజలకి ఆ అనుభవం బాగానే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బరు మీద బాంబులు వేశాయి. పట్నం దాదాపు ఖాళీ అయింది. ఇళ్లకి తాళాలేసి జనం పల్లెల్లోని చుట్టాల దగ్గరికి వెళ్లిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, వాన నీరు పడకగదుల్లోకి వచ్చింది. ఆ నీళ్లలో బంగారానికేమీ కాలేదు. తడిసి ముద్దయింది కాగితాలు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు లీకైంది. చుట్టుపక్కల వాళ్లు కట్టుబట్టలతో, తలుపులు వేశామో లేదో కూడా చూసుకోకుండా పరుగెత్తారు. అలాంటి వేళ నగల గురించి ఆలోచించమని ఎవరూ చెప్పరు. ప్రాణం తర్వాతే ఏదైనా. కానీ ముఖ్యమైనవన్నీ ఒకే చోట, ఒక చిన్న సంచిలో ఉన్న ఇంటికీ, పది మూలల్లో ఉన్న ఇంటికీ అలాంటప్పుడే తేడా తెలుస్తుంది.

ఇంకో కదలిక ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా గ్రామాల వాళ్లు ఊళ్లు వదిలారు. ఇళ్లూ పొలాలూ పోయాక వాళ్ల చేతిలో మిగిలింది ఒక కార్డు. నిర్వాసితులని తెలిపే ఆ పునరావాస కార్డుని అందరూ ‘ఆర్ కార్డు’ అంటారు. ప్లాంటులో ఉద్యోగం అడగడానికి అదే ఆధారం. దాని మీద దశాబ్దాల తరబడి ఆందోళనలు జరిగాయి. పూరిపాక నుంచి పునరావాస కాలనీకి, అక్కడి నుంచి అద్దె ఇంటికి, మళ్లీ కొడుకు ఇంటికి... ఎన్ని ఇళ్లు మారినా ఆ కార్డుని ట్రంకు పెట్టె అడుగున పదిలంగా దాచుకున్న కుటుంబాలున్నాయి. విలువైన వస్తువు అంటే మెరిసేదే కానక్కర్లేదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ముందు అమ్మని అడగండి

సర్దుడు మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, ‘అమ్మా, ఎక్కడెక్కడ ఏం దాచావో చెప్పు’ అని నెమ్మదిగా అడగడం. ‘నా దగ్గరేముందర్రా’ అంటారు ముందు. కాసేపాగితే ఒక్కొక్కటీ బయటికొస్తాయి. బియ్యం డబ్బా అడుగున గుడ్డలో చుట్టిన కాసులు, మినప్పప్పు డబ్బాలో చెవి దిద్దులు, దేవుడి మందిరం కింద వెండి రూపాయలు, పట్టుచీర మడతల్లో నోట్లు, పాత దిండు గలీబులో తాళాలు. దొంగలకి దొరక్కూడదని దాచినవి ఇవి. ఇల్లు మారేటప్పుడు ఇంటివాళ్లకే దొరకవు!

ఇలాంటివి ఎక్కువగా పోయేది దొంగల చేతుల్లోకి కాదు, పాత సామాన్ల బండిలోకి. పాత పరుపు, చిల్లుపడ్డ డబ్బా, తలుపు సరిగా పడని బీరువా, చదవడం మానేసిన పుస్తకాలు... కొత్తింటికి ఎందుకులే అని తక్కువకో ఎక్కువకో ఇచ్చేస్తారు. ఇచ్చే ముందు ప్రతి డబ్బా బోర్లించి చూడాలి. ప్రతి దిండూ తడిమి చూడాలి. పుస్తకాలు రెండు అట్టలూ పట్టుకుని దులపాలి. ఇనుప బీరువాల్లో లాకరు లోపల ఇంకో రహస్యపు అర ఉంటుంది. బీరువా కొన్న పెద్దాయన పోయి ఉంటే ఆ అర సంగతి మిగతా వాళ్లకి తెలియకపోవచ్చు. అమ్మే ముందు దాన్ని తీసి చూడటం తప్పనిసరి. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లున్న ఇంట్లో అయితే ఈ వెతుకులాట నెల ముందే మొదలుపెట్టాలి. ఆఖరి రోజు కంగారు పెడితే ఉన్నది కూడా మర్చిపోతారు.

మూడు కుప్పలు, ఒక పుస్తకం

ఇంట్లో ఉన్నవన్నీ మూడు రకాలుగా విడదీయండి. లాకరుకు వెళ్లాల్సినవి, చేత్తో పట్టుకెళ్లాల్సినవి, లారీ ఎక్కాల్సినవి. నగలు, నగదు, ఆస్తి కాగితాలు, చెక్కు పుస్తకాలు, సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు మూడో కుప్పలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. పాత ఫొటోలున్న హార్డ్ డిస్కు, నాన్నగారి చేతి గడియారం లాంటివి కూడా అంతే. బజార్లో వాటికి ధర లేకపోవచ్చు. పోతే మాత్రం ఎంత పెట్టినా రావు.

తర్వాత ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఏ నగ, ఎన్ని గ్రాములు, ఎక్కడ కొన్నది, బిల్లు ఉందా లేదా... వరుసగా రాయండి. ప్రతి నగనీ ఫోన్‌లో ఫొటో తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. ఈ మధ్య కొన్న నగల మీద హాల్‌మార్కుతో పాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని హెచ్‌యూఐడీ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగలని ఈ సంఖ్య లేకుండా దుకాణాల్లో అమ్మకూడదు. ఒక్కో నగకి ఒక్కో సంఖ్య. రాసి పెట్టుకుంటే రేపు పోయిన నగ దొరికినప్పుడు ‘ఇది మాదే’ అని చూపించడానికి బలమైన ఆధారం అవుతుంది. అమ్మమ్మల కాలం నాటి నగలకి ఆ సంఖ్య ఉండదు కాబట్టి, వాటికి ఫొటో, తూకమే దిక్కు. పెళ్లి ఆల్బమ్‌లో ఆ నగ పెట్టుకున్న ఫొటో ఉంటే దాన్నీ పక్కన పెట్టుకోవాలి.

ఈ పుస్తకాన్ని నగల సంచిలోనే పెడితే మాత్రం ఫలితం శూన్యం. సంచితో పాటు అదీ పోతుంది!

లాకరు ముందు... లారీ తర్వాత

నగలకి అన్నిటికన్నా మంచి చోటు బ్యాంకు లాకరే. ఇల్లు మారడానికి పది రోజుల ముందే అన్నీ అందులోకి చేరిపోతే సగం బెంగ తీరినట్టే. అయితే ఇక్కడో పొరపాటు జరుగుతుంటుంది. గాజువాక నుంచి మధురవాడ వెళ్తున్నాం కదా అని గాజువాక బ్రాంచిలో లాకరు ముందే వదిలేసుకుంటారు. కొత్త చోట అడిగితే ఖాళీ లేదంటారు. నగలు ఇంట్లోనే ఉండిపోతాయి... అదీ ఇంకా కిటికీ గ్రిల్స్ బిగించని కొత్తింట్లో! కొత్త బ్రాంచిలో లాకరు తాళం చేతికొచ్చే వరకూ పాతది వదలకూడదు. ఖాళీ లేకపోతే బ్యాంకు మీ దరఖాస్తు తీసుకుని వెయిటింగ్ లిస్టు నంబరు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అడిగి తీసుకోండి.

లాకర్లో పెట్టాం, ఇక బ్యాంకుదే పూచీ అనుకోవడం కూడా సరికాదు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వంటి కారణాలతో లాకర్లోవి పోతే, ఏడాది అద్దెకి వంద రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలి. లెక్క చూడండి. ఏడాదికి నాలుగు వేల అద్దె అయితే వచ్చేది గరిష్ఠంగా నాలుగు లక్షలు. లోపల ఉన్నది ఇరవై తులాలైతే దాని విలువ అంతకు ఎన్నో రెట్లు. పైగా తుపాను, భూకంపం, వరద లాంటి వాటికి సాధారణంగా బ్యాంకు బాధ్యత ఉండదు. హుద్‌హుద్ చూసిన ఊరు కాబట్టి ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నగలకి విడిగా బీమా ఉందేమో, పాలసీలో ఏ చిరునామా ఉందో చూసుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో ఇల్లు, సామాన్లతో పాటు నగలకీ బీమా తీసుకోవచ్చు. కానీ నగలది విడిగా అడిగి చేర్చుకోవాల్సిన భాగం. అడగకపోతే ఉండదు.

లాకరుకు నామినీని పెట్టడం మరో ముఖ్యమైన పని. 2025 నవంబరు 1 నుంచి ఒకరి తర్వాత ఒకరుగా నలుగురి వరకు నామినీలుగా రాసుకోవచ్చు. ఎలాగూ చిరునామా మార్చడానికి బ్యాంకుకు వెళ్తారు, ఈ పని కూడా చూసుకుని వచ్చేయండి.

ముహూర్తం నాటి చిక్కు

మన గృహప్రవేశాలు దొంగలకి అనుకూలంగా ఉంటాయంటే కోపం రావచ్చు గానీ, ఒక్కసారి ఆలోచించండి. తెల్లవారుజామున ముహూర్తం. అప్పన్న పటం, పసుపు, ఉప్పు, పప్పు పట్టుకుని ఇంటిల్లిపాదీ కొత్తింటికి వెళ్లిపోతారు. పాతింట్లో సామాన్లు సర్దిన పెట్టెలు అలాగే ఉంటాయి, మనిషి ఉండడు. కొత్తింటి తలుపులు బార్లా తీసి ఉంటాయి. చుట్టాలు, పక్క ఫ్లాటు వాళ్లు, వంటవాళ్లు, ఫొటోగ్రాఫరు, టెంటు వాళ్లు... ఎవరు ఎవరి తరఫునో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లు లాకర్లోంచి తెచ్చిన నగలన్నీ పెట్టుకుంటారు. వ్రతం అయ్యాక ఉక్కకి తట్టుకోలేక తీసేస్తారు. తీసి ఎక్కడ పెడతారు? బీరువా ఇంకా పాతింట్లోనే ఉంది! కిటికీ గట్టు మీద, హ్యాండ్‌బ్యాగులో, ‘కాస్త చూస్తూ ఉండు’ అని అప్పజెప్పిన పిన్ని ఒళ్లో.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. ఆ రోజు పెట్టుకోవాల్సిన నగలు నాలుగో ఐదో, అంతకు మించి తీయకూడదు. కొత్తింట్లో ఒక గదికి ముందే మంచి తాళం బిగించి, ఆ గదిలోకి చుట్టాలని కూడా పంపకూడదు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. వాళ్లు వంట దగ్గరికీ, పీటల మీదికీ వెళ్లని మనిషై ఉండాలి. పాతింటి దగ్గర నమ్మకమైన మనిషి ఒకరు ఆగిపోవాలి. పాలు పొంగడం చూడలేకపోయానన్న వెలితి ఆ ఒక్కరికీ ఉంటుంది. వాళ్లకి ముందుగా ఓ ప్లేటు పులిహోర పంపండి!

నగల సంచిని ముగ్గురు నలుగురి మధ్య పంచడం తెలివైన పనిలా కనిపిస్తుంది. నిజానికి అదే ఎక్కువ తికమక తెస్తుంది. ఒకరు పట్టుకోవాలి. ఇంకొకరికి ఆ సంగతి తెలిసి ఉండాలి. అంతే. ఆ సంచి కూడా మామూలు భుజం సంచిలా ఉండాలి. నగల షాపు పేరున్న వెల్వెట్ పెట్టెలు పైకి కనపడేలా పట్టుకెళ్తే అరిచి చెప్పినట్టే. సంచి పట్టుకున్న మనిషి లారీలో కాకుండా సొంత కారులోనో, తెలిసినవాళ్ల ఆటోలోనో, దారిలో ఎక్కడా టిఫిన్‌కి ఆగకుండా వెళ్లాలి. నగల బిల్లులు దగ్గరుంటే మంచిది. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్న రోజులైతే 50 వేల రూపాయలకు మించిన నగదుకి ఆధారం చూపాలి. లేదంటే తనిఖీ బృందాలు ఆపేస్తాయి.

రసీదు లేనిదే పెట్టె కదలనివ్వొద్దు

ఊళ్లోనే మారేవాళ్లకి టాటా ఏస్ బండి, నలుగురు కళాసీలు సరిపోతారు. నేవీలోనో, రిఫైనరీలోనో బదిలీ అయి వేరే రాష్ట్రానికి వెళ్లేవాళ్లు ప్యాకర్స్ వాళ్లని పిలుస్తారు. పేరున్న సంస్థని పోలిన పేర్లతో నడిచేవి చాలా ఉంటాయి. ఫోన్‌లో తక్కువ రేటు చెప్పి, సామాన్లు ఎక్కించాక దారిలో బండి ఆపి ఇంకా ఇస్తేనే కదులుతుందనే రకం కూడా ఉన్నాయి. ఆఫీసుకి స్వయంగా వెళ్లి చూడటం, జీఎస్టీ నంబరుతో రాతపూర్వకంగా రేటు తీసుకోవడం, బండి నంబరు, డ్రైవరు లైసెన్సు ఫొటో తీసుకోవడం కనీస జాగ్రత్తలు.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోవాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని నిబంధనల ప్రకారం సరుకు పోయినా పాడైనా రవాణాదారు బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్ల వరకే. సరుకు విలువ ఎక్కువని ముందే రాసిచ్చి, అందుకు తగ్గ రేటు కడితే తప్ప అంతకు మించి రాదు. బుక్ చేసిన నాటి నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లే వీలు కూడా పోతుంది. నగలు, నగదు లాంటివి తమ పూచీ కాదని చాలా సంస్థలు రసీదు వెనక చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి. అంటే చెప్పకుండా బీరువాలో నగలు పెట్టి లారీ ఎక్కిస్తే, పోయిన తర్వాత అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

పెట్టెల మీద ‘వెండి సామాన్లు’, ‘బీరువా లాకరు’ అని పెద్దక్షరాలతో రాయకండి. 1, 2, 3 అని నంబర్లు వేసి, ఏ నంబరులో ఏముందో మీ పుస్తకంలో రాసుకోండి. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు డ్రైవరుతో కలిసి లెక్క చూసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

మొదటి చూపు ఎవరి మీద?

ఇంత లెక్క ఎందుకంటే, దాని వల్ల మేలు జరిగేది సొంతదారుకి ఒక్కరికే కాదు. ఉంగరం కనపడలేదనగానే మొదటి చూపు ఎవరి మీద పడుతుంది? పెట్టెలు మోసిన కళాసీ మీద. పదేళ్లుగా అంట్లు తోముతున్న పనిమనిషి మీద. ‘పొద్దుట్నుంచీ ఆ గదిలోనే తిరిగింది’ అని ఎవరో అంటారు. సాయంత్రానికి వాచ్‌మన్‌కి తెలుస్తుంది. మర్నాటికి అపార్టుమెంటు అంతా తెలుస్తుంది. ఆమె చేసే మిగతా నాలుగిళ్లలో కూడా ‘రేపట్నుంచి రావొద్దమ్మా’ అనే మాట వినబడుతుంది. నెల తర్వాత ఆ ఉంగరం పప్పు డబ్బాలోనో, పాత పర్సులోనో దొరుకుతుంది. దొరికిందని చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి. ఆమె ఇంటికెళ్లి ‘తప్పయిపోయింది, ఏమీ అనుకోకు’ అని చెప్పేవాళ్లు ఎందరు? పోయిన ఉంగరం దొరికినట్టు పోయిన పేరు దొరకదు.

కళాసీల బతుకూ అంతే. బీరువాని నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దించి, మళ్లీ ఇంకో నాలుగంతస్తులు ఎక్కించి కూలి తీసుకునే సమయానికి ‘ఆగండి, ఒక డబ్బా కనపడట్లేదు’ అంటే వాళ్లకి ఆ రోజు కూలి కూడా దక్కదు. నగలు ముందే లాకరుకు చేరిపోయి, పెట్టెలకి నంబర్లుండి, దించేటప్పుడు అందరి ముందూ లెక్క చూస్తే అనుమానానికి తావే ఉండదు. పనివాళ్ల ముందు నగలు సర్దకపోవడం వాళ్లని అవమానించడం కాదు. వాళ్లని నింద నుంచి కాపాడటం.

నిజంగా పోయిందని తేలితే పోలీసులకి చెప్పాల్సింది పోయిన వస్తువు ఏమిటి, ఆఖరుసారి ఎవరు ఎప్పుడు చూశారు, ఆ సమయంలో ఇంట్లో ఎవరున్నారు అన్న నిజాలు. అనుమానానికి ఆధారం లేకుండా ఒకరి పేరు రాయించడం న్యాయం కాదు. కావాలని తప్పుడు ఫిర్యాదు చేస్తే శిక్ష కూడా ఉంది.

కాగితాలకి కాళ్లుంటాయి

నగలు పోతే ఆ రోజే తెలుస్తుంది. కాగితం పోతే అయిదేళ్ల తర్వాత, ఇల్లు అమ్మేటప్పుడో అప్పు తీసుకునేటప్పుడో తెలుస్తుంది. అమ్మకపు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఇంటి ప్లాను, పన్ను రసీదులు, పెన్షన్ కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, కులధ్రువీకరణ పత్రాలు, ఆర్ కార్డు లాంటివి... అన్నీ ఒకే ఫైలులో, నీళ్లు దిగని ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. ప్రతి పేజీ ఫొటో తీసి ఇంకో చోట భద్రపరచాలి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి ప్రభుత్వ శాఖల నుంచే నేరుగా తెచ్చుకుంటే అవి అసలు వాటితో సమానంగా చెల్లుతాయి. మనం ఫొటో తీసి అందులో పెట్టుకున్న కాగితానికి ఆ విలువ రాదు. ఈ తేడా గమనించాలి.

రిజిస్టరైన దస్తావేజు పోతే కంగారు పడక్కర్లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. అందుకు దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే పని సులువు. అందుకే ఆ రెండూ నోటు పుస్తకంలో రాసుకోవాలి. అసలు పోయినట్టు పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, పేపర్లో ప్రకటన వేయించడం మరవకూడదు. లేకపోతే ఆ కాగితం ఎవరి చేతిలో పడి ఏ తాకట్టుకి వెళ్తుందో!

ఇల్లు మారినా చిరునామా మారకపోతే ఇంకో ముప్పు. కొత్త చెక్కు పుస్తకం, ఏటీఎం కార్డు, బీమా కాగితాలు పాత క్వార్టరుకే వెళ్తాయి. అక్కడిప్పుడు ఎవరున్నారో మీకు తెలియదు. బ్యాంకు, ఆధార్, బీమా, గ్యాసు, పెన్షన్... చేరిన వారంలోగా వరసగా మార్పించుకోవాలి.

కొత్త తాళం, పాత నోరు

కొత్తింటి తాళంచెవులు ఇప్పటికే ఎన్ని చేతులు తిరిగాయో ఊహించండి. మేస్త్రీ, వడ్రంగి, పెయింటరు, కరెంటు పనివాడు, టైల్స్ వేసినవాళ్లు. అద్దె ఇల్లయితే అంతకు ముందున్న కుటుంబం. వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు. అయినా చేరిన రోజే వీధి తలుపు తాళం మార్చేయడం ఇద్దరికీ మంచిది. కొన్ని వందల ఖర్చుతో పోయే పని. బాల్కనీ తలుపుకి లోపలి గడియ, వంటింటి వెనక తలుపుకి అడ్డగడియ ఉన్నాయో లేదో మొదటి రాత్రి పడుకునే ముందే చూసుకోవాలి. బీరువాని కిటికీలోంచి కనపడే చోట పెట్టకూడదు.

తాళం కన్నా ముందు నోరు కట్టుకోవాలి. ‘ఆదివారం ఇల్లు మారుతున్నాం’ అని వాట్సాప్ స్టేటస్ పెడితే, పాతిల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ఊరంతటికీ చెప్పినట్టే. ఫొటోలు పెట్టుకోవాలనుంటే అన్నీ సర్దుకున్నాక పెట్టుకోండి. రెండిళ్ల మధ్య నాలుగు రోజులు తిరగాల్సి వస్తే, పాతిల్లు తాళం వేసి ఉంటుందని దగ్గరి పోలీసు స్టేషనులో చెప్పి ఉంచండి.

ఇన్ని చేసినా ఏదన్నా పోతే ఆలస్యం చేయొద్దు. 112కి ఫోన్ చేయొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ‘పోయింది గాజువాకలోనా, పీఎం పాలెంలోనా?’ అని తిప్పి పంపడానికి లేదు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో గానీ, వాహనంలో గానీ జరిగిన దొంగతనానికి ఏడేళ్ల వరకూ జైలు పడుతుంది. అప్పజెప్పిన సరుకుని రవాణాదారే కాజేసినా అంతే. మీ నోటు పుస్తకం, ఫొటోలు, బిల్లులు అప్పుడు అక్కరకొస్తాయి. బీమా ఉంటే ఆ కంపెనీకి కూడా అదే రోజు తెలపాలి.

ఆషాఢం వెళ్లాక ముహూర్తాలు మళ్లీ మొదలవుతాయి. లారీ మాట్లాడటానికి ఇంకా టైముంది. నోటు పుస్తకం మాత్రం ఈ ఆదివారమే కొనుక్కోండి. మొదటి పేజీ మీరు రాయకండి. అమ్మనో, అత్తయ్యనో చెప్పమనండి. ఏ గొలుసు ఎవరు పెట్టారో, ఏ గాజులు ఏ ఏడాది పంట డబ్బుతో చేయించారో, ఏది ఏ మనవరాలికి ఇవ్వాలనుకుంటున్నారో అన్నీ చెబుతారు. తూకంతో పాటు ఆ మాటలు కూడా రాసుకోండి.